అండాశయంలో అడ్డుగోడలు

తొంభైల చివర అమలాపురంలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్న రోజుల్లో, నేల మీదకు చూపు పోకుండా నడవడం నా వల్ల అయ్యేది కాదు. వృక్షశాస్త్రం ప్రాక్టికల్ పరీక్షకు సమర్పించవలసిన హెర్బేరియంలో ఒక్క షీటు తక్కువగా ఉంది. సిలబస్‌లోని ప్రతి కుటుంబానికీ ఒక మొక్కను సేకరించి, పాత దినపత్రికల మధ్య నొక్కి ఎండబెట్టి, అట్టకు కుట్టి చూపించాలి. నాకు దొరకనిది కారియోఫిల్లేసి. పాఠంలో దానికి ఉదాహరణగా ఇచ్చినది స్టెల్లారియా. ఇంగ్లీషులో చిక్‌వీడ్ అంటారు. చల్లని నేలల్లో పెరిగే కలుపు మొక్క. మా ఉప్పుగాలి ఊళ్లలో అది నాకు ఎక్కడా కనిపించలేదు. కాలేజీ తరఫున ఊటీ టూరుకు వెళ్లినవారు చేతినిండా పీకి తెచ్చుకున్నారు. నేను ఆ టూరుకు వెళ్లలేదు.

మా ఇంట్లో డిగ్రీ వరకు వచ్చిన మొదటిదాన్ని నేనే. ఫస్ట్ క్లాసు వస్తే ఎమ్మెస్సీ. రాకపోతే కాట్రేనికోనలో బాబాయిగారి రొయ్యల చెరువుల దగ్గర పని. నాన్న, బాబాయిగారు కలిసి అలా నిర్ణయించేశారు.

"మొక్కలక్కూడా కులాలు కడతారేంటమ్మా మీ కాలేజీలో?" అని బాబాయిగారు నవ్వేవారు. "మనకున్న గొడవలు చాలక వాటికీ అంటించేరా? మా చెరువు కాడికొచ్చెయ్. రొయ్యకి అలాంటి పట్టింపులేం లేవు."

నా స్నేహితురాలి ఉపాయం వేరు.

"ఒసేయ్, నా దగ్గర ఊటీ మొక్క ఇంకోటుందే. పట్టుకెళ్లి కుట్టేసుకో."

"లేబుల్ మీద సేకరించిన చోటు రాయాలి కదా?"

"గడియార స్తంభం కాడ మొలిచిందని రాయి! అందరూ చేసేదే కదే."

నిజమే, అందరూ చేసేదే. సీనియర్ల షీట్లు లేబుల్ మార్చుకుని ఏటేటా జూనియర్ల చేతికి వచ్చేవి. అయినా నేను తీసుకోలేదు. పచ్చిగా ఒక్కసారైనా చూడని మొక్క గురించి వైవాలో అడిగితే ఏం చెప్పాలన్నదే నా భయం.

ఆ వారంలోనే మరమ్మతులకని కాలువకు నీళ్లు కట్టేశారు. నెల తిరిగేసరికి, నీరు తీసిన కాలువ అడుగున, నెర్రెలు విచ్చిన బురద మీద, చాపలా పరుచుకున్న ఒక చిన్న మొక్క కనిపించింది. ఉబ్బిన కణుపులు, ఎదురెదురు ఆకులు, అయిదు తెల్లని రేకులు. చెప్పులు విడిచి కిందికి దిగాను.

"పాములుంటాయే! ఎక్కిరా పైకి!" గట్టు మీద నుంచి అమ్మ అరిచింది.

"దొరికిందమ్మా!"

"ఏం దొరికింది, పిచ్చిమొక్కేగా! మన పెరట్లో కావలసినన్ని ఉన్నాయి."

మొక్క ఎండింది, షీటు సిద్ధమైంది, కారియోఫిల్లేసి అని లేబుల్ కూడా రాశాను. కాని మనసు నిలవలేదు. కొన్ని కణుపుల దగ్గర ఆకులు రెండు కాక నాలుగైదు గుంపుగా ఉన్నాయి. స్టెల్లారియా రేకులు మొదలంటా చీలి పదిలా కనిపించాలి. వీటికి చీలికే లేదు. పరీక్షకు ముందురోజు కాలువలోంచి పచ్చి మొక్కలు మళ్లీ తెచ్చి, ప్రయోగశాలలో జీలుగు బెండు మధ్య పువ్వు అండాశయాన్ని ఇరికించి బ్లేడుతో పలుచగా కోశాను. కారియోఫిల్లేసి అయితే లోపల ఒకే గది ఉండాలి, నడుమ స్తంభం చుట్టూ అండాలు ఉండాలి. నాకు కనిపించినవి మూడు గదులు, వాటి మధ్య స్పష్టమైన గోడలు. పువ్వును మళ్లీ తిరగేశాను. తెల్లనివి ఆకర్షణ పత్రాలు కావు. వాటి కింద వేరే రక్షక పత్రాలు లేవు. అవే రక్షక పత్రాలు. ఫ్లోరా పుస్తకంలో వెతికితే తేలింది: మొక్క గ్లైనస్, కుటుంబం మొల్లుజినేసి. అది మా సిలబస్‌లోనే లేదు.

"ఎండిన మొక్కని ఎవరు కోసి చూస్తారే? ఉంచెయ్," అంది స్నేహితురాలు.

ఆ రాత్రి లేబుల్ చింపి కొత్తది రాశాను. తర్వాత నిద్ర పట్టలేదు.

బయటి కళాశాల నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు షీట్లు గబగబా తిప్పుతూ ఒకచోట ఆగారు.

"కారియోఫిల్లేసి ఏదమ్మా?"

"లేదండి."

"ఇదేంటి, లేని కుటుంబం తెచ్చేరు?"

"ఆ కుటుంబమే అనుకుని తెచ్చేనండి. కోసి చూస్తే గోడలున్నాయండి."

"కోసేరా? ఏదీ, కొయ్యండి చూద్దాం."

తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న పచ్చి మొక్కను తీశాను. మొదటి కోతలు మందంగా వచ్చాయి; ఒకటి బ్లేడుకే అతుక్కుపోయింది. ఆయన గడియారం చూసుకున్నారు. చివరకు ఒక కోత నీటిబొట్టులో తేలింది. ఆయన సూక్ష్మదర్శిని మీదకు వంగి చాలాసేపు లేవలేదు.

"ఆయ్. గోడలే," అన్నారు. మార్కుల కాగితం మీద చెయ్యి అడ్డుపెట్టుకుని ఏదో అంకె వేశారు.

లేని కుటుంబానికి మార్కులు వేయలేదనీ, కోతకు మాత్రం పూర్తిగా వేశారనీ మా వృక్షశాస్త్రం మేడమ్ గారు తర్వాత చెప్పారు. మొత్తం మీద సరిగ్గా అరవై శాతంతో, ఫస్ట్ క్లాసు అంచున వచ్చి ఆగింది. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ దరఖాస్తు ఇవ్వడానికి వెళ్తూ రావులపాలెంలో బస్సు మారాను. గోదావరి మీద జొన్నాడ వంతెన దాటేవరకు మార్కుల పత్రం కవరులోంచి తీసి, ఆ అరవై అలాగే ఉందా అని చూసుకుంటూనే ఉన్నాను.