ఇంటరప్ట్ సారు

నా మాటల్లో సగం తగ్గించి చదవండి. పెంచి చెప్పడం నా అలవాటు.

డెబ్భైల్లో, కొత్తగూడలో మా మామ ఇంట్లో ఓ ఇంగ్లిష్ సారు కిరాయికుండేవాడు. మరదలి మెప్పు కోసం నేను ఏనుగంత పులి కథ ఎత్తుకుంటే చాలు, తాటిచెట్టంత వేలెత్తి, "ఇంటరప్ట్ చెయ్యొచ్చాండి?" అనేవాడు. నా అద్భుతమైన ముగింపు నోట్లోనే ఉండిపోయేది.

ఓసారి నేనూ ఆయన మాటకు అడ్డమొచ్చాను.

"ఏంది బావా, నడుమల దూరుతవ్?" అంది మరదలు.

"మరి సారు చేసేదేంది?"

"సారు ఇంటరప్ట్ చేస్తడు. ముందుగాల అడుగుతడు గద!"

కుళ్లుతో నా కడుపు మండి ఇల్లంతా పొగ కమ్మింది.

ఆయన బదిలీపై వెళ్లిన రోజు మరదలు నా ఎదుట కూర్చుని, "ఇగ చెప్పు బావా, పులి ఏమైంది?" అంది. నేను కథ మళ్లీ ఎత్తుకుని, సారు వేలెత్తే చోటికి రాగానే ఆగి గుమ్మం వైపు చూశాను.

వేలు, పొగ కాస్త పెంచానంతే. పూర్తిగా కల్పించింది, నా నోట్లో ఓ ముగింపు ఉండేదన్న మాటొక్కటే.