సాయిబుగారు ఇచ్చిన పై ముక్క

తాడేపల్లిగూడెంలో పెళ్ళికొడుకును ఊరేగింపుగా మండపానికి తీసుకెళ్తుండగా సాయిబుగారి కూతురు ఫోన్ చేసింది. శ్రావణమాసం ముసురు. కారు ముందు మా బ్యాండు మేళం తడుస్తూ నడుస్తోంది.

“అన్నయ్యా, నాన్నగారు పొద్దున్నే పోయారండి. సాయంత్రం నమాజు అయ్యాక తీసుకెళ్తారు,” అంది.

నేను ఏదో అనేలోపే పెళ్ళివారి పెద్దాయన వెనక్కి తిరిగి, “ఆపేశారేంటండీ, వాయించండి,” అన్నారు. వాయించాను. మండపం దాకా వాయించి, మిగతాది మావాళ్ళకు అప్పజెప్పి ఏలూరు రైలెక్కాను.

సాయిబుగారు క్లారినెట్లు బాగుచేసేవారు. మా ఆవిడకు ఏలూరు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చి, మేము జంగారెడ్డిగూడెం నుంచి మకాం మార్చిన కొత్తల్లో నా క్లారినెట్టు కింది స్వరాలు పలకడం మానేసింది. గట్టిగా ఊదితే కీచుమనేది. సంగీత సామాన్ల కొట్లో అడిగితే, “ఇవి ఇప్పుడెవరు చేస్తున్నారండీ, మద్రాసు పంపించుకోవాలి,” అన్నారు. ఇంకో కొట్టతను జిగురు పెట్టి ఇచ్చాడు. అది పెళ్ళి మధ్యలోనే ఊడింది. కొత్త మేళం వాళ్ళు నన్ను వెనక వరసలోకి నెట్టారు. ఇంకోసారి అలా అయితే పిలుపులు ఆగిపోతాయని నాకు తెలుసు. కొత్త ఊళ్ళో చేతిలో విద్య ఉండి నోరు మూగబోవడం ఎలా ఉంటుందో మీలో వాయించేవాళ్ళకు తెలుస్తుంది.

డ్రమ్ము వాయించే పెద్దాయన జాలిపడి, “సాయిబుగారి దగ్గరకెళ్ళి చూడండి. చేస్తారో చేయరో మరి. కొడుకు పోయిన కాణ్ణించి మనుషుల్ని కలవడం తగ్గించారు,” అని దారి చెప్పారు.

తలుపు కూతురు తీసింది. సాయిబుగారు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నారు. ఊపిరితిత్తులు పాడై, నాలుగు మాటలకోసారి ఆగేవారు. నన్ను ఊదమని, చెంప దగ్గరగా పెట్టి గాలి ఎక్కడ కారుతోందో చూశారు. తర్వాత రంధ్రాల మీదుండే ఒక్కో మూత కింద పలుచటి కాగితం పెట్టి లాగారు. కాగితం సులువుగా జారితే ఆ మూత సరిగ్గా కూర్చోనట్టు.

“తొందరగా ఇమ్మంటే ఇస్తానండి. పలకాలంటే మాత్రం ఆగాలి,” అన్నారు.

ఆగాను. పలికింది. నన్ను మళ్ళీ ముందు వరసలో నిలబెట్టింది ఆయనే.

ఆ తర్వాత పనున్నా లేకపోయినా వెళ్ళేవాణ్ణి. పనికి ముందు చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకునేవారు. బాగుచేశాక ఒక్క స్వరమే పొడుగ్గా ఊదించుకుని, చెయ్యెత్తి ఆపేసేవారు. పాట ఎప్పుడూ విననిచ్చేవారు కాదు. ఎందుకో కూతురు చెప్పింది. ఆవిడ తమ్ముడు క్లారినెట్టు వాయించేవాడట. కలిదిండిలో ఎవరి పెళ్ళికో వాయించి వస్తుంటే మేళం వ్యాను తిరగబడి అక్కడికక్కడే పోయాడు. సాయిబుగారు నాతో ఆ సంగతి ఒక్కసారే ఎత్తారు. “వాయిద్యం పెట్టెకి గీతైనా పడలేదండి,” అన్నారు, అంతే.

పోయిన చలికాలం నా క్లారినెట్టు పై ముక్క నిలువునా పగిలింది. ఆయన కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసి, “కొయ్యే పోయిందండి. నేను చేసేదేం లేదు,” అన్నారు. ముహూర్తాలు మొదలవబోతున్నాయి. నేను లేవలేక అక్కడే కూర్చున్నాను.

కాసేపటికి, “తమ్ముడి పెట్టె తే అమ్మా,” అన్నారు.

“అది వద్దు నాన్నా.”

“తే.”

తెచ్చింది. లోపల క్లారినెట్టు మెరుస్తోంది. ఆయన దానికి నూనె రాస్తూనే ఉన్నారన్నమాట. అదీ నాదీ ఒకే రకం. దాని పై ముక్క ఊడదీసి నా కింది ముక్కకు పెట్టారు. సగంలో బిగుసుకుంది. ఆయాసానికి ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ, అతుకు దగ్గరి కార్కును చాలాసేపు అరగదీశారు.

“వద్దండి సాయిబుగారూ, నాకు మనసొప్పట్లేదు,” అన్నాను.

“నేనైతే ఊదలేను కదండీ. నూనె రాసుకుంటూ కూర్చుంటే వాడొస్తాడా?” అన్నారు.

వాయించాను. ఆ రోజు చెయ్యెత్తలేదు. పాట అయిపోయేదాకా విన్నారు. కూతురు గోడవైపు తిరిగి నిలబడింది. నేను ఆపాక ఆమెతో, “పెట్టెలో ఖాళీ పడింది, ఏదైనా గుడ్డ పెట్టమ్మా. మిగతావి కొట్టుకుంటాయి,” అన్నారు.

ఆ సాయంత్రం నేను కబరస్తాను చేరేసరికి వాన తెరిపిచ్చింది. మాది పల్లపు నేల, వానాకాలం కాస్త తవ్వితే నీళ్ళే. గోతిలో ఊట ఊరుతోంది. ఆయన అల్లుడు లోపలికి దిగి బకెట్టుతో తోడి అందిస్తుంటే పైవాళ్ళు పారబోస్తున్నారు. నేనూ చెప్పులు విడిచి చెయ్యేశాను. తోడినకొద్దీ అల్లుడి పాదాల చుట్టూ బురద నీళ్ళు మళ్ళీ చేరుతున్నాయి.

చివరికి ఒక పెద్దాయన, “ఇంక చాలు బాబూ, అది ఊరుతూనే ఉంటుంది,” అన్నారు. అల్లుడు పైకొచ్చాడు. గోతి అడుగున ఇసుక పోశారు. పోసిన ఇసుక పోసినట్టే కింది నుంచి నల్లగా తడిసిపోతోంది. తడి పైదాకా రాకముందే సాయిబుగారిని దించాలని అందరూ తొందరపడ్డారు.