అద్దాల బీరువా తాళంచెవి

శృంగవరపుకోట నుంచి రోజూ బస్సెక్కి వెళ్లి చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో, మా ఎంబెడెడ్ ల్యాబ్ సార్‌ని తలుచుకుంటే ముందు ఆయన చెయ్యి గుర్తొస్తుంది. ఎవరితో మాట్లాడుతున్నా అది జేబులోని తాళంచెవిని తడుముతూనే ఉండేది. ఆ తాళంచెవి అద్దాల బీరువాది. మేం ప్రోగ్రాములు రాసి నడిపించాల్సిన సర్క్యూట్ బోర్డులన్నీ అందులోనే ఉండేవి.

"ఒక్కసారి కరెంటిచ్చి సూద్దాం సార్" అని బతిమాలితే, "ముట్టుకోకండ్రా, కాలిపోతాది. పైనోళ్లకి నేనేటి సెప్పాల?" అనేవారు. ప్రయోగమంతా నల్లబల్ల మీదే జరిగేది. ఆయన వైరింగ్ గీసి, ఫలితం దగ్గర 'బల్బు వెలిగినది' అని రాసేవారు. మేమూ అదే రాసేవాళ్లం. ఆయుధపూజ నాడు మాత్రం బీరువా తెరిచి, బోర్డులకు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్లీ తాళం వేసేవారు.

ఉద్యోగంలో చేరిన వారంలోనే తీగలు తారుమారుగా కలిపి ఒక బోర్డు కాల్చేశాను. గుప్పుమని పొగ వచ్చింది. మా పైఅధికారి తిట్టకుండా ఇంకో బోర్డు చేతిలో పెట్టాడు. నా చదువు ఆ పొగతోనే మొదలైంది. మరి ఆ నాలుగేళ్లూ ఏం వెలగబెట్టినట్టు?

మొన్న సర్టిఫికెట్ పనిమీద కాలేజీకి వెళ్తే పాత ల్యాబ్ ఖాళీ చేస్తున్నారు. పాతసామాన్లవాడు బీరువాలోని బోర్డులను గుప్పెళ్లతో తీసి గోనెసంచిలోకి విసురుతున్నాడు. కుంకుమ మరకలు ఇంకా పోలేదు. పక్కనే నిలబడ్డ సార్ నన్ను చూసి మురిసిపోయారు.

"సూసావా బాబూ, ఒక్కదాన్నీ కాలనివ్వలేదు."

ఆయన సంచి వైపు తిరిగి కేకేశారు.

"ఒరే, సిన్నగా వెయ్యరా! పాడైపోతాయి."