రూబీ పాటలు

"మరి నిన్నటి పదకేళిలో ఆ అడ్డం ఏడు దొరికిందా జయపాలన్నా?" అని టీకొట్టు ఓబులేసు గ్లాసు అందిస్తా మళ్ళా కదిపినాడు. మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే జయపాల్‌కు పొద్దున్నే పేపర్లో గళ్ళు నింపందే చెయ్యాడదు. చెవి మీద పెన్సిలు, పళ్ళ మధ్య స్క్రూడ్రైవరు. ఎంత తిరకాసు ఆధారమైనా, నిలువు పదంతో కలిస్తేగానీ అడ్డంలో అక్షరం పెట్టడు. ఈరోజు పేపరు మడతే విప్పలేదు. "లేదురా" అన్నాడు. "నీకే దొరకలేదంటే గళ్ళు కట్టినోడిదే తప్పులే!" అని ఓబులేసు నవ్వినాడు.

జయపాల్ నవ్వలేదు. తర్లుపాడు సుశీలమ్మ నిన్న ఆగిపోయిన కంప్యూటరు తెచ్చి, "నడిస్తే చాలు నాయనా" అనింది. అలవాటుకొద్దీ, ఏమన్నా దాచుకున్నావా అని అడక్కుండానే, లోపలున్నదంతా తుడిచేసి కొత్తగా విండోస్ ఎక్కించినాడు. సాయంత్రం "బాగయింది పెద్దమ్మా" అని ఫోన్ చేస్తే ఆమె మురిసిపోయింది. "మా కూతురు రూబీ చర్చిలో పాడిన పాటలన్నీ దాంట్లోనే ఉండాయి. బిడ్డ చనిపోయినాక ఆ గొంతు వినలా. రేపొచ్చి వింటా." తుడిచేసిన సంగతి చెప్పకుండానే ఆయన ఫోన్ పెట్టేసినాడు. ఈరోజు ఆమె బస్సెక్కకముందే ఫోన్ చేసి, పాటలు పోయినాయని చెప్పేయాల.