పిట్టలు తోలిన గొంతు

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే మధ్యలో అడ్డుతగిలి "సాక్ష్యం ఏది?" అని అడిగే మనిషిని నేను. ఈ పాడు అలవాటు వల్ల చుట్టాల పెళ్ళిళ్ళలో నా పక్కన కబుర్లకు ఎవరూ కూర్చోరు. ఇప్పుడు నేనే అలాంటి సంగతి రాయాల్సి వచ్చింది. నాకు వచ్చిన పద్ధతిలోనే రాస్తాను. ఏం విన్నానో చెబుతాను, ఏం తెలియదో అదీ చెబుతాను.

నా పని పిట్టల కూతలు వినడం. కర్ణాటక వైపు పశ్చిమ కనుమల్లో ఒక వర్షారణ్యం ఉంది. ఒకప్పుడు ఒకటిగా ఉన్న అడవి ఇప్పుడు కాఫీ తోటల మధ్య ముక్కలుగా మిగిలింది. ఏ ముక్కలో ఏయే ప్రాణులు ఇంకా బతికున్నాయి, ఏవి మాయమయ్యాయి అన్నది మా పరిశోధన. మనుషులు వెళ్ళి చూస్తే పిట్టలు బెదురుతాయి కాబట్టి చెట్లకు చిన్న రికార్డర్లు కట్టి వచ్చేస్తాం. అవి తెల్లవారే వేళకు వాటంతట అవే ఆన్ అయి అడవి చప్పుడంతా పట్టుకుంటాయి.

ఆ రికార్డింగులను ముందు కంప్యూటర్ వింటుంది. ఏ కూత ఏ పిట్టదో చాలావరకు అదే చెప్పేస్తుంది. దానికి అంతుచిక్కనివి పక్కన పెడుతుంది. వాటిని ఒక మనిషి కూర్చుని చెవులతో వినాలి. మా బృందంలో ఆ మనిషిని నేను. వినడానికి అడవిలోనే ఉండాలని లేదు. అందుకే అమ్మకు ఆపరేషన్ అయ్యాక ఆ పనిని కోదాడలో మా ఇంటికే తెచ్చుకున్నాను.

అమ్మ పేరు సైదమ్మ. పుట్టిల్లు గరిడేపల్లి. ఇప్పుడక్కడ ఎటు చూసినా వరే గానీ, ఆమె చిన్నతనంలో కాలువ నీళ్ళు అందని చెలకల్లో జొన్న వేసేవారట. కంకి పాలు పట్టే రోజుల్లో ఆడపిల్లలు మంచె ఎక్కి, చేనుమీద వాలే పిట్టలను కూతలు పెట్టి తోలేవారు. నేను పిట్టల మీద పరిశోధనకు చేరానని చెప్పిన రోజు అమ్మ పగలబడి నవ్వింది.

"నేను తోలిన పిట్టలన్ని ఏడికి పోయినయో ఎతుకనీకి పోతున్నవా బిడ్డా? జర నా పేరు చెప్పకు. కోపంగ ఉంటయి నా మీద" అంది.

తర్వాత కొన్నేళ్ళకు ఆ గొంతులోనే గడ్డ వచ్చింది. కేన్సర్ అన్నారు. హైదరాబాదులో స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది. మెడకు ముందువైపు పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటుంది. దానిమీద ఎప్పుడూ పల్చటి నూలుబట్ట కప్పుకుని ఉంటుంది.

సూర్యాపేటలో, ఆపరేషన్ అయినవాళ్ళకు మాట నేర్పే డాక్టరమ్మ ఒక చిన్న మిషన్ ఇప్పించింది. దవడ కింద ఆనించి పెదవులు కదిపితే గరగరమంటూ మాట వస్తుంది. అమ్మ ఒక్కసారి ఆ శబ్దం విని దాన్ని డబ్బాలో పెట్టేసింది. మళ్ళీ ముట్టలేదు. రానురాను సైగలు కూడా మానేసింది. ఎవరైనా వస్తే లోపలి గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకునేది. రెండు ముద్దలు తిని కంచం పక్కకు తోసేది.

నాన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పని చేస్తాడు. ఎంతటి కష్టానికీ కంట నీరు పెట్టని మనిషి. ఆయన ఒకరోజు వరండాలో నా పక్కన కూలబడి ఏడ్చాడు. "గొంతుతోటి మనిషి గూడ పోతుంది బిడ్డా, ఏదన్న జెయ్యి" అన్నాడు. డాక్టరమ్మ కూడా దాదాపు అదే చెప్పింది. మాట్లాడాలన్న కోరిక ఆమెలో పుట్టకపోతే ఎవరం ఏమీ చేయలేమంది. నాకు భయం పట్టుకుంది. జబ్బు నుంచి దక్కిన అమ్మ ఈ మౌనంలో దక్కకుండా పోతుందేమోనని ఆమె కంచం చూసినప్పుడల్లా అనిపించేది.

అలాంటి రోజుల్లో వానాకాలం రికార్డింగులు వచ్చాయి. ఒక పొద్దున వంటపని ముగించి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. ఆ ఫైల్లో మొదట రోజూ ఉండే గోలే ఉంది. కీచురాళ్ళు, ఆకుల మీద పడే నీటి చుక్కలు, ఈలపిట్టలు. వాటి మధ్యలోంచి ఒక మనిషి కూత లేచింది. "ఓ..." అని పొడుగ్గా సాగి, నడుమ ఒకచోట చీలి, చివర "హొయ్, హొయ్" అని రెండుసార్లు తెగిపోయింది.

అది అమ్మ గొంతు.

నా చిన్నప్పుడు డాబా మీద వడియాలకు కాకులు వాలితే, నన్ను నవ్వించడానికి అమ్మ అదే కూత పెట్టేది. నడుమ వచ్చే ఆ చీలిక ఆమెదే. వెనక్కి తిరిగి చూశాను. అమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నూలుబట్ట ఊపిరికి మెల్లగా కదులుతోంది.

అనుమానం పెనుభూతం అంటారు. ముందు నన్ను నేనే అనుమానించుకున్నాను. బెంగపడి ఉన్నదాన్ని కదా, ఎవరి గొంతు విన్నా అమ్మ గొంతులాగే ఉంటుందనుకున్నాను. పొరపాటున ఇంట్లో చప్పుడేదైనా ఫైల్లో కలిసిందేమో చూశాను. ఆ రికార్డరు ఈ వానాకాలమే కొత్తగా కట్టింది. అప్పటికి అమ్మ ఆపరేషన్ అయిపోయింది. అది ఏ రోజూ మా ఇంటికి రాలేదు, అమ్మ ఏ రోజూ ఆ అడవికి వెళ్ళలేదు.

రికార్డర్లు కట్టే నా సహోద్యోగి సుమంత్‌కు ఫోన్ చేశాను. అమ్మ సంగతి చెప్పలేదు. అక్కడెవరైనా మనుషులు తిరుగుతారా అని మాత్రం అడిగాను. వానలకు ఆ అడవి ముక్క చుట్టూ వాగు పొంగుతుందని, తామే దాటలేక నీళ్ళు తగ్గేదాకా ఆగి రికార్డరు తెచ్చారని చెప్పాడు. నేను పంపిన ఫైలు విని, పసుల పోలిగాడి జాతి పిట్ట ఏదైనా మనిషిని అనుకరిస్తోందేమో అన్నాడు. మంచి మాటే. ఆ అడవుల్లో తోకకు రెండు పొడవాటి ఈకలు వేలాడే రకం ఒకటి ఉంది, విన్న చప్పుడునల్లా తిరిగి పలుకుతుంది. కానీ శబ్దాన్ని గీతలుగా చూపించే బొమ్మ తీసి చూస్తే, అడుగున మనిషి గొంతుకు ఉండే బరువు స్పష్టంగా కనిపించింది. అంత చిన్న పిట్ట గొంతుకు అది రాదు. అనుకరించాలన్నా ముందు ఆ కూత వినాలి కదా. ఎక్కడ విన్నట్టు?

ఇంకొకటి ఉంది. కూత ఆగిన వెంటనే అడవి మొత్తం నోరు మూసుకుంది. ఈలపిట్టలు ఆగిపోయాయి, కీచురాళ్ళు ఆగిపోయాయి. నిండా గీతలున్న బొమ్మలో అక్కడ మాత్రం, అడుగున వాగు చప్పుడు తప్ప, అంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కాసేపటికి ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలయ్యాయి. తర్వాత ఎవరో కంప్యూటర్లో కలిపిన గొంతుకు అడవిలో పిట్టలు బెదరవు. ఆ కూతను అవి విన్నాయి.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, గరిడేపల్లిలోనే ఉంటాడు. నాన్న మిల్లుకు వెళ్ళే బస్సులోనే ఒకరోజు బయల్దేరి వెళ్ళాను. యాసంగి నాట్లు పడుతున్నాయి. మామ గట్టుమీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఏమీ చెప్పకుండా ఫోన్లో ఆ ముక్క వినిపించాను.

"గిది మా చిన్నక్క గొంతు గదా!" అన్నాడు వెంటనే. "ఆపరేషన్‌కు ముందే పట్టి పెట్టినవా? మంచి పని చేసినవ్ కోడలా."

నేను ఔననలేదు, కాదనలేదు. ఆయన చుట్ట పక్కన పెట్టి మళ్ళీ పెట్టమన్నాడు. రెండోసారి విన్నాక ముఖం మారింది.

"ఒక్కతే కూసి ఊకున్నదేంది? పక్క మంచె మీదికెల్లి పలకాలె గదా. పలికేదాక కూసినోళ్ళు కింద కూసోవద్దు. అది మా చేన్ల కాడ పద్ధతి."

పక్క మంచె మీద ఉండేది పెద్దక్క యాదమ్మ అని చెప్పాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ చెరో మంచె ఎక్కి, ఒకరు కూస్తే ఒకరు పలుకుతూ పిట్టలను నడుమ ఎక్కడా వాలనిచ్చేవారు కాదట. ఒక ఏడు జొన్న కోతకు రాకముందే యాదమ్మ జ్వరంతో పోయింది. ఆమె పేరు నేను విన్నాను గానీ ఇదంతా ఎవరూ చెప్పలేదు. "ఆ తర్వాత చిన్నక్క మంచె ఎక్కలే. అయ్య కొట్టినా ఎక్కలే" అన్నాడు మామ.

ఆ సాయంత్రం నాన్నకు అంతా చెప్పాను. ఆయన ఫైలు రెండుసార్లు విన్నాడు. అమ్మకు వినిపిస్తానంటే వద్దన్నాడు. "పుండు మీద కారం సల్లినట్టయితది బిడ్డా. తను పోగొట్టుకున్నదే తెచ్చి తన చెవుల పెడతవా?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. రెండు రోజులు నేనూ ఆగాను. మూడో రోజు అమ్మ కంచం అసలు ముట్టలేదు. ఇంకేం మిగిలిందని దాచాలి అనిపించింది.

మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని ఇయర్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టాను. నా పని అమ్మకు వినిపించడం కొత్త కాదు. విసుగ్గానే ఊరుకుంది. కూత వచ్చే చోటు నాకు తెలుసు. ఆ క్షణానికి అమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. ఏడుస్తుందేమోనని చెయ్యి పట్టుకోబోయాను. చెయ్యి విదిలించుకుని వేలు పైకెత్తింది. ఆగు, విను అన్నట్టు.

కూత అప్పటికే అయిపోయింది. అది అడవి మౌనంగా ఉన్న చోటు. అక్కడ ఏమీ లేదు, ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. అమ్మ మాత్రం రెండు అరచేతులతో ఇయర్‌ఫోన్లను అదిమిపట్టి వింటోంది. మళ్ళీ పెట్టమని సైగ చేసింది. పెట్టాను. మళ్ళీ అదే చోట వేలెత్తింది. నెలల తర్వాత అమ్మ నన్ను ఒకటి అడగడం, ఒకటి చూపించడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మ లేచి బీరువా దగ్గరకు వెళ్ళింది. డబ్బా తెరిచి మిషన్ తీసి దవడ కింద పెట్టుకుంది. చోటు కుదరక ఉత్త గరగర వచ్చింది. కొంచెం పక్కకు జరిపింది. వలలో పడ్డ తుమ్మెదలాంటి ఆ చప్పుడులోంచి మాట బయటపడింది.

"అక్క... పలికింది."

నేను కంప్యూటర్ ముందుకు వెళ్ళి, ఆ తెల్లటి మౌనం ఉన్న చోటును వీలైనంత పెద్దది చేసి చూశాను. వాగు చప్పుడు అడుగున, ఉందా లేదా అన్నంత సన్నగా ఒక గీత ఉంది. పొడుగ్గా సాగి చివర రెండుసార్లు తెగింది. నడుమ చీలిక లేదు. కథంతా చెప్పకుండా ఆ ముక్క ఒక్కటే సుమంత్‌కు పంపాను. దూరం నుంచి రెండో మనిషెవరో పిలుస్తున్నట్టుంది అని జవాబిచ్చాడు. బొమ్మలో కనిపిస్తున్నా, అది నా చెవికి ఇప్పటికీ వినపడదు.

పరిశోధన పత్రంలో ఆ ఫైలును తీసెయ్యలేదు. మనుషుల గొంతులు, ఎవరివో తెలియదు అని రాశాం. రాయగలిగింది అంతే.

అమ్మ ఇప్పుడు వారం వారం సూర్యాపేట బస్సెక్కుతోంది. వీధిలో పిల్లలు మిషన్ గొంతును వెక్కిరిస్తే అదే గొంతుతో వాళ్ళను తిడుతోంది. మామ వచ్చినప్పుడు లోపలికి పోలేదు, ఎదురుగా కూర్చుని పెసరట్టు తింది. ఆ అడవిలోకి ఆమె గొంతు ఎలా వచ్చిందని నేను అడిగితే తల అడ్డంగా ఊపింది. ఆమెకూ తెలియదు. ఆ సంగతి తెలుసుకోవాలన్న ఆత్రం కూడా ఆమెకు లేదు.

మొన్న ఒక్కటి మాత్రం అడిగాను. కూస్తే పిట్టలు పోతాయి, సరే. మరి పక్క మంచె మీదివాళ్ళు పలికితే దానికి అర్థమేమిటమ్మా అని. అమ్మ మిషన్ దవడకు ఆనించుకుంది.

"'నేనున్న, నువ్వు జర కూసో, అలుపు తీర్సుకో' అని" అంది.

ఆ మాట అంత దూరపు అడవిలో ఎవరన్నారో, ఎలా అన్నారో నేను చెప్పలేను.