హవాయి దీవులూ, నా ఎద్దు అడుగులూ

1981లో నేను తిరుపతిలోని ఒక డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పేవాడిని. అంటే రాళ్ల చదువు. చంద్రగిరి దగ్గర మా పల్లెలో ఎవరైనా అడిగితే మా నాయన ‘కాలేజీ అయివారు’ అని ఊరుకునేవాడు, రాళ్ల సంగతి ఎత్తేవాడు కాదు.

భూమి పైపెంకు పెద్ద పలకలుగా ఉందని, అవి మెల్లగా జరుగుతుంటాయని చెప్పే పాఠం మాకు వచ్చి అప్పటికి మూడేళ్లే. ఆ పలకనే ప్లేట్ అంటారు. అది ఏటా ఎంత జరుగుతోందో హవాయి దీవులను బట్టి లెక్క కట్టవచ్చు. అక్కడ భూమి లోతున ఒకచోట ఆరని వేడి ఉంది, దాని పేరు హాట్ స్పాట్. ఆ వేడి ప్లేటును చీల్చుకుని పైకొచ్చిన చోటల్లా అగ్నిపర్వతం లేచి దీవి అవుతుంది. అలా పుట్టిన దీవులు వరుసగా ఉంటాయి, వాయవ్యాన పాతవి, ఆగ్నేయాన కొత్తవి. రెండు దీవుల మధ్య దూరాన్ని వాటి వయసుల తేడాతో భాగిస్తే వేగం వచ్చేస్తుంది. సుమారు ఐదు వందల కిలోమీటర్లు, యాభై లక్షల ఏళ్లు. అంటే ఏడాదికి పది సెంటీమీటర్లు.

ఇంతవరకు నాకు తికమక లేదు. వచ్చిన చిక్కంతా దిక్కుతోనే. మా ఇంట్లో తప్పిపోయిన ఎద్దును వెతికే పని చిన్నప్పటి నుంచీ నాదే. తాజా అడుగులు ఎటుంటే ఎద్దు అటు పోయినట్టు. క్లాసులో కూడా అదే చెప్పాను. కొత్త దీవులు ఆగ్నేయాన ఉన్నాయి కాబట్టి ప్లేట్ ఆగ్నేయానికే పోతోందన్నాను. లైబ్రరీలో ఉన్న ఒక్క పుస్తకంలోని పటంలో బాణం గుర్తు లేదు. నాకు సందేహమూ రాలేదు.

ఆ ఏడు టెస్టులో ఈ లెక్కే ఇచ్చాను. అందరూ ఆగ్నేయం అని రాశారు, రజియా ఒక్కతే వాయవ్యం అని రాసింది. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాను. ఆ పిల్ల అంతకుముందు కామెర్లతో రెండు నెలలు కాలేజీకి రాలేదు. ఈ టెస్టులో తప్పితే హాల్ టికెట్ రాదు, ఏడాది పోతుంది. అది తెలిసే కొట్టేశాను. పాఠం వినని పిల్ల అనుకున్నాను.

మూడు రోజుల తర్వాత సాయంత్రం ప్యాంటు తెచ్చుకుందామని బస్టాండు దగ్గరి టైలర్ మస్తాన్ భాయ్ అంగడికి వెళ్లాను. రజియా ఆయన కూతురు. ఆయన మిషను ఆపకుండానే అడిగాడు.

“పాప సరిగ్గా అన్నం తినడంలా సార్. తప్పు యాడ రాసిందో సెప్పండి, నేనన్నా సెప్పుకుంటా.”

బల్లమీది సుద్ద తీసుకుని ఒక పీలిక మీద చుక్కలు పెట్టి దీవులు, మంట, నా ఎద్దు అడుగులు అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“మంట జరగదు గదా సార్?”

“జరగదు.”

“నా సూదీ అంతే. అది ఈడనే ఉండాది. కొత్త కుట్టు ఎప్పుడూ నా పక్కే పడతాది. అట్లని గుడ్డ నా పక్కకు వస్తాందా? అవతలికి గదా పోతాండేది.”

ఆ పీలికనే సూది కింద పెట్టి తొక్కి చూపించాడు. అయినా ఎద్దు మనసులోంచి పోదు, ఇంకోసారి తొక్కమన్నాను. మూడోసారికి తెలిసింది. ఎద్దు నడిస్తే నేల కదలదు, ఇక్కడ కదిలేది నేలే. ఇంటికెళ్లి పుస్తకం తీస్తే హాట్ స్పాట్ కదలదన్న మాట మొదటి పేజీలోనే ఉంది. దాని కింద గీత గీసింది కూడా నేనే.

మార్కులు అప్పటికే ప్రిన్సిపాల్‌గారికి చేరాయి. తెల్లారి వెళ్లి చెప్పాను. రజియా ఒప్పు సరే, నేను చెప్పినట్టే రాసిన మిగతా వాళ్లను ఏం చేయాలని ఆయన అడిగారు. చివరికి వాళ్ల మార్కులు అలాగే ఉంచి రజియాకు పూర్తి మార్కులు వేశాం. అది న్యాయమేనా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

క్లాసులో అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. పేపరు చేతికిస్తే రజియా నవ్వలేదు.

“మూడుసార్లు ఏసి సూసినా సార్. అయినా మీరు కొట్టేసినారని నా లెక్కే తప్పనుకున్నా.”

ఆ మాటకు నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఇది నీకెలా వచ్చిందని పిల్లల్ని అడగకుండా ఏ జవాబునూ కొట్టేయలేదు.

కానీ అంతకుముందు చదివి వెళ్లిపోయిన వాళ్లు ఉన్నారుగా. అడ్రసు దొరికిన వాళ్లందరికీ కార్డులు రాశాను. ఒక్కడే జవాబు రాశాడు, పాకాల హైస్కూల్లో సైన్సు చెబుతున్నవాడు. ‘ఎద్దు అడుగుల ఉదాహరణ పిల్లలకు బాగా ఎక్కేసింది సార్, ఇప్పుడెట్లా తీసేది?’ అన్నాడు.

మస్తాన్ భాయ్ కుట్టిన పీలిక జేబులో పెట్టుకుని, సెలవు పెట్టి పాకాల రైలెక్కాను.