కలవలేదని చెప్పించిన కిడ్నీ

చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పనిచేస్తానన్న ఒక్క కారణంతో మా ఇంట్లోవాళ్లు నన్ను సగం డాక్టర్ని చేసేశారు. నేను చేసేది మాత్రల నాణ్యత పరీక్ష. అయినా అన్నకు రెండు కిడ్నీలూ పాడైనప్పుడు, హైదరాబాద్ దవాఖానలో మాట్లాడే పని నాకే అప్పగించారు.

అమ్మకు షుగర్. ఇవ్వగలిగినవాళ్లం నేను, వదిన. ఇద్దరి బ్లడ్ గ్రూపూ సరిపోయింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. కణాల మీద ఉండే గుర్తులు కూడా చూస్తారట. అవి ఎంత వేరుగా ఉంటే ఒళ్లు కొత్త కిడ్నీని అంత పరాయిదిగా చూసి తిరగబడుతుందట.

వదిన మా మేనమామ కూతురే. నకిరేకల్ దగ్గర మా ఊళ్లో మేనరికమంటే రక్తం కలిసినట్టే లెక్క. "మా మేనత్త నెత్తురే గదా నాది, కలవకేం జేస్తది?" అని వదిన ధీమా. అమ్మదీ అదే పట్టు. మేనరికం చూసి పెళ్లి చేయొచ్చు గానీ కిడ్నీ కలుస్తుందన్న పూచీ ఏమీ లేదని వాళ్లకెవరు చెప్పాలి? నేనే చెప్పాలి.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ నన్నొక్కణ్నే లోపలికి పిలిచింది. నా గుర్తులు అన్నవాటితో పూర్తిగా కలిశాయి. వదినవి చాలావరకు కలవలేదు. "ఆమెది పెట్టినా మందులతో కాపాడొచ్చు. కానీ తిరగబడే ప్రమాదం ఎక్కువ. మీదైతే చాలా తక్కువ" అంది. తర్వాత మెల్లగా, "మీకు ఇష్టం లేకపోతే చెప్పండి. బలవంతం లేదు. మీది కుదరదని మాత్రమే మీవాళ్లతో అంటాం" అంది.

భయపడేవాళ్ల కోసం పెట్టుకున్న పద్ధతి అది. మంచి పద్ధతే, నేనే మంచివాణ్ని కాదు. ఇంట్లో పసిపిల్ల ఉందన్నాను, డ్యూటీలో బరువులెత్తాలన్నాను. మాత్రల పరీక్షలో బరువులేముంటాయి, నా మొహం! కత్తికి భయపడ్డాను, అంతే.

డాక్టరమ్మ మావాళ్లతో నాది కుదరదని అంది. వదినకు ప్రమాదం సంగతీ చెప్పింది. బయటికొచ్చాక వదిన నా వైపు తిరిగింది.

"ఆమె చెప్పింది నాకు సగం సమజ్ కాలే. నువ్వు చెప్పు మరిదీ, నాది నిలుస్తదా?"

"నిలుస్తది వదినా. మేనరికమే గదా" అన్నాను.

ఆమె నమ్మింది. కిడ్నీ ఇచ్చింది. మూడేళ్లు బాగానే గడిచాయి. తర్వాత అన్న కాళ్లు వాచాయి, ఒంటేలు తగ్గింది. మందులు మార్చారు, పెంచారు. ఆ కిడ్నీ నిలవలేదు.

ఇప్పుడు అన్నకు వారానికి మూడుసార్లు నల్లగొండలో డయాలసిస్. సెలవు దొరికినప్పుడల్లా నేనూ వెళ్లి, తేలు కుట్టిన దొంగలా కూర్చుంటాను. "నీది కుదరకపాయె. నువ్వేం జేస్తవ్ తమ్మీ, ఫికర్ జెయ్యకు" అని అన్న నన్నే ఓదారుస్తాడు. వదిన మాత్రం తప్పంతా తన ఒంటిదే అన్నట్టు తల దించుకుంటుంది. అది చూడలేకపోయాను.

పోయిన నెల, అన్న లోపల మిషన్ మీద ఉన్నప్పుడు, వరండాలో వదినకు అంతా చెప్పేశాను. ఇప్పుడైనా నాది ఇస్తానన్నాను. అన్న గుండె ఇంకో ఆపరేషన్‌కు తట్టుకోదని డాక్టర్లు చెప్పింది అంతకు ముందు వారమే. అది తెలిసే అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె లేచి అన్న ఉన్న గది తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"ఈ మాట మీ అన్నకు చెప్పకు" అంది. "నా కిడ్నీయే మంచిది గాదని అనుకోనియ్యి. తమ్ముడు ఉండి కూడ ఇయ్యలేదంటే ఆయన బతుకడు."

సరేనన్నాను. ఇప్పటిదాకా అన్నకు చెప్పలేదు. అందులోనూ నాకే సుఖముంది.